ఆపరేషన్ సక్సెస్... మరి పేషెంటు?

"ఆపరేషన్ సక్సెస్, పేషెంట్ డెడ్" అనే జోకు వినని తెలుగువాడు ఉండడు. నవ్వి ఊరుకుంటాం గానీ, సర్జరీ చరిత్రంతా ఈ ఒక్క మాట చుట్టూనే తిరిగింది. రికార్డుల పుస్తకాల్లోకి ఎక్కేది బల్ల మీద జరిగిన సాహసం. రోగి ఇంటికెళ్ళాక ఏమైందో ఓపిగ్గా రాసుకున్న లెక్కకి అంత పేరు రాదు. అసలు వింతలు మాత్రం ఆ లెక్కల్లోనే ఉన్నాయి. కోనసీమ నుంచి మొదలుపెట్టి, హైదరాబాద్ మీదుగా అంటార్కిటికా దాకా వెళ్ళి, మళ్ళీ అమలాపురం చేరుకునేలోగా వాటిలో కొన్ని చూద్దాం.

నోట్లోంచి బయటికొచ్చిన అపెండిక్స్

మన ఊళ్ళలో అపెండిసైటిస్ అంటే తెలియకపోవచ్చు గానీ, "ఇరవై నాలుగు గంటల నొప్పి" అంటే ముసలమ్మకి కూడా తెలుసు. ఈ అపెండిక్స్‌ని కడుపు మీద గీత కూడా పడకుండా నోట్లోంచి బయటికి తీసిన ఘనత మన హైదరాబాద్‌ది. ఏషియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ గ్యాస్ట్రోఎంటరాలజీలో డాక్టర్ డి. నాగేశ్వర్ రెడ్డి, డాక్టర్ జి.వి. రావు ఈ పని చేశారు. కడుపు మీది చర్మం కాలిపోయి మచ్చలు కట్టిన రోగికి బయటినుంచి కోయడం కష్టం కాబట్టి, ఎండోస్కోపు గొట్టాన్ని నోటి ద్వారా జీర్ణాశయంలోకి పంపి, దాని గోడకి చిన్న రంధ్రం చేసి, ఆ దారినే అపెండిక్స్‌ని అందుకున్నారు. 2004 ఫిబ్రవరిలో జైపూర్ సదస్సులో ఈ సంగతి బయటపెడితే ప్రపంచమంతా ఉలిక్కిపడింది. కొన్నేళ్ళపాటు సర్జన్లు కోత లేని ఆపరేషన్ల వెంట పడ్డారు. చివరికి ఫలితాలు బేరీజు వేసుకుంటే, అపెండిక్స్ వరకు మామూలు లాప్రోస్కోపీయే సులువని తేలింది. అయితే నోటిదారి పనితనం వృథా పోలేదు. అన్నవాహిక కింద కండరం బిగుసుకుపోయి మెతుకు దిగని జబ్బుకి ఇవాళ నోటి ద్వారానే ఆ కండరాన్ని కోస్తున్నారు.

అపెండిక్స్ ఖాతాలో ఇంకో రెండు వింతలున్నాయి. నమోదైన తొలి అపెండిక్స్ ఆపరేషన్ 1735 డిసెంబరులో లండన్‌లో జరిగింది. క్లాడియస్ ఆమియాండ్ అనే సర్జన్ పదకొండేళ్ళ కుర్రాడికి హెర్నియా ఆపరేషన్ చేస్తుంటే, హెర్నియా సంచిలో అపెండిక్స్, దానిలో ఆ పిల్లాడు మింగిన గుండుసూది కనిపించాయి. అప్పటికి మత్తు అనేది లేదు. అయినా పిల్లాడు బతికాడు. హెర్నియాలో అపెండిక్స్ కనిపిస్తే దాన్ని నేటికీ ఆమియాండ్ హెర్నియా అనే అంటారు.

రెండోది అంటార్కిటికాలో. 1961 ఏప్రిల్ 29న సోవియట్ స్థావరంలో ఉన్న ఏకైక డాక్టరు లియోనిద్ రొగోజోవ్‌కే ఆ నొప్పి వచ్చింది. బయట మంచు తుపాను, విమానం రాదు. 30వ తేదీ రాత్రి తోటివాళ్ళలో ఒకరు అద్దం, ఇంకొకరు పరికరాలు పట్టుకున్నారు. చర్మానికి మాత్రం తిమ్మిరెక్కించుకుని, తన అపెండిక్స్‌ని తనే తీసేసుకున్నాడు. అద్దంలో అన్నీ తిరగబడి కనిపిస్తుంటే చాలావరకు చేతి స్పర్శనే నమ్ముకున్నాడట. గంటా ముప్పావు పట్టింది. రెండు వారాల్లో మళ్ళీ డ్యూటీలో చేరాడు.

ఇంత కథ ఉన్న అవయవానికి ఇవాళ అడుగుతున్న ప్రశ్న మాత్రం "అసలు కోయాలా?" అని. అమెరికాలో 1,552 మంది రోగులను రెండు జట్లుగా విడదీసి, ఒక జట్టుకి ఆపరేషన్, ఇంకో జట్టుకి యాంటీబయాటిక్ మందులు ఇచ్చి చూశారు. 2020లో ఫలితం వచ్చింది. మందుల జట్టులో ప్రతి పదిమందిలో ఏడుగురికి మూడు నెలలదాకా కత్తి అవసరం పడలేదు. మిగతా ముగ్గురికి ఆపరేషన్ తప్పలేదు. అలాగని మందుల షాపుకెళ్ళి బిళ్ళలు కొనుక్కోవడం కాదు. అవన్నీ స్కానింగ్ తీసి, డాక్టర్లు కనిపెట్టి చూసిన కేసులు.

ఖద్దరు గౌను తెచ్చిన తంటా

రాజోలు దాటి, వశిష్ఠ గోదావరి దాటి ఇంకొంత దూరం వెళ్తే భీమవరం. 1895 జనవరి 12న అక్కడ పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు మద్రాసు మెడికల్ కాలేజీలో చదువుతూ, గాంధీగారి పిలుపు విని ఖద్దరు సర్జికల్ గౌను తొడుక్కుని వెళ్ళాడు. సర్జరీ ప్రొఫెసరు బ్రాడ్‌ఫీల్డ్ దొరకి ఒళ్ళు మండింది. రాతపరీక్షలు బాగా రాసినా సుబ్బారావుకి ఎం.బి.బి.ఎస్. దక్కలేదు. దానికంటే చిన్నదైన ఎల్.ఎం.ఎస్. పట్టాతో సరిపెట్టారు.

ఆ తరువాత అమెరికా వెళ్ళిన ఈ మనిషి లెడర్లీ సంస్థలో పరిశోధనకి నాయకత్వం వహించాడు. టెట్రాసైక్లిన్ జాతి యాంటీబయాటిక్స్‌లో మొదటిదైన ఆరియోమైసిన్, కేన్సర్ మీద వాడే మెథోట్రెక్సేట్, బోదకాలుకి వాడే డి.ఇ.సి. మందు, ఇవన్నీ ఆయన హయాంలో అక్కడినుంచి వచ్చినవే. 1948లో న్యూయార్క్‌లో చనిపోయాడు. సర్జరీ ప్రొఫెసరు తక్కువ పట్టా ఇచ్చి పంపిన విద్యార్థి, సర్జన్ల కత్తికి సగం పని తగ్గించే మందులు చేసిపెట్టాడన్నమాట. వాటిలో మూడోది మన కోనసీమ కోసమే పుట్టిందా అనిపిస్తుంది.

రాత్రి పది దాటితేనే దొరికే దొంగ

చుట్టూ కాలువలు, పెరట్లో కొబ్బరిచెట్లు, ఇంటి వెనక మురుగుగుంట. దోమకి ఇంతకంటే స్వర్గం లేదు. అందుకే గోదావరి డెల్టాకి, బోదకాలుకి తరతరాల చుట్టరికం. దోమకాటుతో ఒంట్లో చేరే ఫైలేరియా పురుగు వల్ల కాలు వాచి ఏనుగు కాలంత అయితే నలుగురికీ కనిపిస్తుంది. అదే పురుగు మగవాళ్ళ వృషణాల చుట్టూ నీరు చేర్చితే ఎవరికీ చెప్పుకోరు. బుడ్డ దిగిందని ఊళ్ళో చాటుగా నవ్వుతారు, ఆ మనిషి పంచె కట్టు సర్దుకుంటూ ఏళ్ళు గడిపేస్తాడు. ప్రపంచం మొత్తం మీద ఇలా హైడ్రోసీల్‌తో బాధపడే మగవాళ్ళు రెండున్నర కోట్లమంది అని, కాళ్ళవాపు ఉన్నవాళ్ళు కోటిన్నరకి పైమాటే అని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా.

వింత ఏమిటంటే, ఈ పురుగు పిల్లలు లోకానికి మొదట కనిపించింది ఏ సూక్ష్మజీవి నిపుణుడి రక్తపరీక్షలోనో కాదు. 1863లో పారిస్ సర్జన్ దెమార్కే ఒక రోగి హైడ్రోసీల్ నుంచి తీసిన నీటిని సూక్ష్మదర్శిని కింద పెట్టి చూస్తే అవి కదులుతూ కనిపించాయి. 1872లో కలకత్తాలో తిమోతీ లూయిస్ వాటినే మనిషి రక్తంలో చూశాడు. 1877లో చైనాలో ఉన్న పాట్రిక్ మాన్సన్ ఇవి దోమలోకి చేరి పెరుగుతాయని పట్టుకున్నాడు.

ఈ పురుగు పిల్లలకి పట్టపగలు బయటికి వచ్చే అలవాటు లేదు. పగలు ఊపిరితిత్తుల రక్తనాళాల్లో దాక్కుని, దోమలు కుట్టే వేళకి, రాత్రి పదికీ రెండుకీ మధ్య, చర్మం కింది రక్తంలోకి వస్తాయి. అందుకే ఫైలేరియా సిబ్బంది ఊరంతా అన్నాలు తిని పడుకున్నాక టార్చిలైట్లు పట్టుకుని వచ్చేవారు. తలుపు కొట్టి నిద్ర లేపి, వేలి కొస మీద సూది గుచ్చి, ఆ బొట్టుని గాజు పలక మీద చిక్కగా పూసి ఆరబెట్టుకుని వెళ్ళేవారు. 1955లో జాతీయ ఫైలేరియా నియంత్రణ కార్యక్రమం మొదలైంది. ఈ పనిలో శిక్షణ ఇచ్చే జాతీయ కేంద్రం శాఖ ఒకటి మన రాజమండ్రిలోనే ఉంది. 2004 నుంచి ఊరందరికీ ఏటా డి.ఇ.సి. బిళ్ళలు పంచడం జబ్బున్న జిల్లాల్లో ఊపందుకుంది. జబ్బు లేనివాళ్ళు కూడా మింగాలి అనడానికి కారణం ఉంది. రక్తంలో పురుగు ఉన్నా మనిషి పైకి నిక్షేపంగా ఉండవచ్చు.

బిళ్ళ పురుగుని ఆపుతుంది గానీ, అప్పటికే దిగిన బుడ్డని ఎక్కించదు. దానికి ఆపరేషనే. సూదితో నీరు తీయించుకుంటే కొన్నాళ్ళకి మళ్ళీ చేరుతుంది. అందుకని సర్జన్లు నీరు చేరే సంచిని తిరగేసి కుట్టేస్తారు, లేదా కోసి తీసేస్తారు. చిన్న ఆపరేషనే అయినా దీనికో పెద్ద చిక్కుంది. అక్కడి చర్మం వదులుగా ఉంటుంది కాబట్టి లోపల కాస్త రక్తం కారినా ఒత్తి ఆపే బిగువు ఉండదు. గడ్డకట్టి మళ్ళీ బుడ్డంత వాపు వస్తుంది. అయిపోయాక లంగోటీలాగా బిగించి కట్టేది అందుకే.

ప్రపంచంలోకెల్లా చవకైన వల

దోమలనుంచి కాపాడుకోవడానికి మంచం మీద కట్టుకునే వలే హెర్నియాని కూడా ఆపుతుందంటే నమ్ముతారా? హెర్నియా అంటే కడుపు గోడలో బలహీనమైన చోటునుంచి పేగు బయటికి తోసుకురావడం. అక్కడ మెష్ అనే ప్లాస్టిక్ వల అతికించి కుట్టడం ఇప్పుడు పద్ధతి. కంపెనీ మెష్ వేలల్లో ఉంటుంది. మహారాష్ట్రలో దోండాయిచా అనే చిన్న ఊళ్ళో డాక్టర్ రవీంద్రనాథ్ తొంగావ్‌కర్ దోమతెర గుడ్డనే ముక్కలు కోసి, క్రిములు లేకుండా శుద్ధి చేసి వాడటం మొదలుపెట్టారు. ముక్క ఖరీదు రూపాయల్లో తేలిపోయింది.

పెద్ద ఆసుపత్రుల వాళ్ళు మొదట పెదవి విరిచారు. ఆ తరువాత ఉగాండాలో దాదాపు మూడువందల మంది మీద పరీక్ష పెట్టారు. సగంమందికి కంపెనీ మెష్, సగంమందికి దోమతెర గుడ్డ. ఎవరికి ఏది వేశారో రోగులకి చెప్పలేదు. ఏడాది తరువాత చూస్తే దోమతెర వాళ్ళలో ఒక్కరికి మాత్రమే హెర్నియా తిరగబెట్టింది, కంపెనీ మెష్ వాళ్ళలో ఎవరికీ లేదు. అంటే తేడా లేనట్టే లెక్క. 2016లో ఆ ఫలితం ప్రపంచంలోకెల్లా పేరున్న వైద్యపత్రికలో అచ్చయింది. మన ఇంట్లో మందు పూసిన దోమతెర దీనికి పనికిరాదని వేరే చెప్పనక్కర్లేదు.

నిజాం గారి వెయ్యి పౌండ్లు

మత్తుమందు మీద ఒక రాజు ఖర్చుపెట్టి చేయించిన పెద్ద పరిశోధన హైదరాబాద్‌లోనే జరిగింది. క్లోరోఫాం ఇచ్చినప్పుడు కొందరు బల్ల మీదే ఎందుకు చనిపోతున్నారు? ముందు ఆగేది గుండా, ఊపిరా? హైదరాబాద్ మెడికల్ స్కూలుని నడిపిన ఎడ్వర్డ్ లారీ మాత్రం ఊపిరే ముందు ఆగుతుందనీ, ఊపిరి చూసుకుంటే చాలనీ పట్టుదలగా ఉండేవాడు. 1888లో మొదటి కమిషన్ ఆయన మాటే నిజమంది. లండన్ పత్రిక లాన్సెట్ నమ్మలేదు. అప్పుడు ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ వెయ్యి పౌండ్లిచ్చి, మీ మనిషినే పంపి చూసుకోండన్నాడు. 1889లో లాన్సెట్ తరఫున లాడర్ బ్రంటన్ వచ్చాడు. కుక్కలతో సహా వందలాది జంతువుల మీద ప్రయోగాలు చేసి అతనూ లారీ మాటకే ఓటేశాడు.

1911లో ఇంగ్లండ్‌లో గుడ్‌మన్ లెవీ దాన్ని తిరగరాశాడు. క్లోరోఫాం కొద్దిగా ఇచ్చినప్పుడే గుండె లయ తప్పి ఒక్కసారిగా ఆగిపోవచ్చని చూపించాడు. అంత డబ్బు, అన్ని ప్రయోగాలు పెట్టినా హైదరాబాద్ కమిషన్ అసలు ప్రమాదాన్ని పట్టుకోలేకపోయింది. కుక్కల లెక్క ఎంత పెద్దదైనా మనుషుల చావులకి జవాబు చెప్పలేదు.

ఇదే స్కూల్లో చదివి, ఇదే ఊళ్ళో క్లోరోఫాం ఇవ్వడంలో చేయితిరిగిన డాక్టర్ రూపాబాయి ఫర్దూన్‌జీ ప్రపంచంలో తొలితరం మహిళా మత్తు డాక్టర్లలో ఒకరు.

కనుమరుగైన ఆపరేషన్

యాభై ఏళ్ళు దాటిన సర్జన్‌ని అడగండి. కడుపులో అల్సర్‌కి నరం కోసి, పేగుని జీర్ణాశయానికి కలిపి కుట్టే ఆపరేషన్లు వారానికి ఎన్ని చేసేవారో చెబుతారు. నేటి కుర్ర డాక్టర్లలో చాలామంది ఒక్కటి కూడా చూసి ఉండరు. 1982లో ఆస్ట్రేలియాలో బారీ మార్షల్, రాబిన్ వారెన్ అల్సర్ వెనక ఒక బాక్టీరియా ఉందన్నారు. ఎవరూ నమ్మకపోతే 1984లో మార్షల్ ఆ బాక్టీరియాని తనే తాగేసి కడుపు పాడుచేసుకున్నాడు. 2005లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది. మందులొచ్చాయి, ఆ ఆపరేషన్ పోయింది.

పోనిది అల్సర్ పగిలి రంధ్రం పడే కేసు. నడుంనొప్పికీ మోకాలినొప్పికీ అడిగి కొనుక్కునే నొప్పిబిళ్ళలు దీనికి పెద్ద కారణం. కడుపు చెక్కలా బిగుసుకుపోతుంది. నిలబెట్టి ఎక్స్‌రే తీస్తే డయాఫ్రం కింద, కాలేయం పైన, నల్లటి నెలవంక కనిపిస్తుంది. బయటికి తప్పించుకున్న గాలి అది. ఆ నెలవంక చూశాక సర్జన్ ఇక ఆలస్యం చెయ్యడు. 1937లో రోస్కో గ్రాహం చెప్పినట్టు, కడుపులో ఉండే కొవ్వు పొర ముక్కని బిరడాలా ఆ రంధ్రం మీద పెట్టి కుట్టేస్తాడు. 

ఇక్కడ ప్రాణం నిలబెట్టేది గంటలు. పొద్దున్న నొప్పొచ్చినవాడు పొద్దున్నే వస్తే ఒక లెక్క, రెండ్రోజులు వాము నీళ్ళు తాగి వస్తే ఇంకో లెక్క. లంకల్లో ఉన్నవాళ్ళకి మధ్యలో గోదావరి కూడా ఉంటుంది. ముక్తేశ్వరం రేవులో పంటు కోసం చూస్తూ కూర్చున్న కాలం తెలిసినవాళ్ళకి, యానాం దగ్గర ఎదుర్లంక వారధి కాకినాడ ఆసుపత్రిని ఎంత దగ్గర చేసిందో చెప్పనక్కర్లేదు. వారధి కూడా ఒక వైద్యమే.

మంటలకి తొమ్మిదో ఎక్కం

కోనసీమ భూమిలో గ్యాస్ ఉంది, దానితో వచ్చిన గండమూ ఉంది. 1995 జనవరి 8న పాశర్లపూడి బావిలో ఎగసిన మంట 65 రోజులు ఆరలేదు. 2014 జూన్ 27 తెల్లవారుజామున మామిడికుదురు మండలం నగరంలో గెయిల్ గ్యాస్ పైపు పేలి ఇరవైమందికి పైగా బలయ్యారు.

కాలిన రోగికి ఊపిరి సవ్యంగా ఆడుతోందని చూసుకున్నాక డాక్టరు చేసే మొదటి పని కట్టు కట్టడం కాదు, లెక్క కట్టడం. తల 9, ఒక్కో చెయ్యి 9, ఒక్కో కాలు 18, ముందువైపు మొండెం 18, వీపు 18. అంతా తొమ్మిదో ఎక్కమే. మిగిలిన ఒక్కటీ మర్మాంగాలకి. ఒంట్లో నూటికి ఎన్ని వంతులు కాలిందో తేలాక దాన్ని బరువుతోనూ నాలుగుతోనూ హెచ్చవేస్తారు. అరవై కేజీల మనిషికి ముప్పై శాతం కాలితే 7,200 మిల్లీలీటర్లు. అంటే ఏడు లీటర్లకి పైగా సెలైన్ లాంటి ద్రవం. సగం మొదటి ఎనిమిది గంటల్లోనే ఎక్కాలి. ఆ ఎనిమిది గంటలు ఆసుపత్రికి చేరినప్పటినుంచి కాదు, కాలినప్పటినుంచి.

పప్పు మీద నింద

"పప్పు తింటే కుట్లకి చీము పడుతుంది." ఆపరేషన్ అయిన ప్రతి ఇంట్లోనూ ఒక పెద్దావిడ ఈ మాట అని తీరుతుంది. పదిరోజులు చారన్నం, బీరకాయ కూరతో పథ్యం పెడుతుంది. పుండు మానడానికి కావలసింది మాంసకృత్తులు, పప్పులో ఉన్నవి అవే. చీము పుట్టించేది సూక్ష్మజీవి, అదుపులో లేని షుగరు, పొగాకు. ఆపరేషన్ అయిన 30 రోజుల్లోపు కోత దగ్గర పుట్టే చీముని ఆపరేషన్ ఖాతాలోనే రాస్తారు. లోపల మెష్ లాంటిది పెడితే 90 రోజులు చూస్తారు. చీము కారణాలు రాసే పట్టికలో కందిపప్పుకి గడి లేదు.

పందొమ్మిది ప్రశ్నల కాగితం

ప్రాణాలు నిలిపిన పరికరాల్లో చవకైనది ఒక కాగితం. ఈ రోగి పేరేమిటి? కోయాల్సింది ఏ వైపు? యాంటీబయాటిక్ ఇచ్చారా? లోపల గుడ్డలు మిగిలిపోలేదుగా, లెక్క సరిపోయిందా? ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో విడుదల చేసిన ఈ 19 అంశాల పట్టీని ఢిల్లీతో కలిపి ఎనిమిది నగరాల్లో పరీక్షించారు. పట్టీకి ముందు 3,733 మంది, తరువాత 3,955 మంది. చావులు 1.5 శాతం నుంచి 0.8 శాతానికి దిగాయి. చిక్కులు 11 నుంచి 7 శాతానికి తగ్గాయి. 

రోగిని వెనక్కి పిలిచిన ఇద్దరు

సర్జన్లలో మొదటి నోబెల్ 1909లో స్విట్జర్లండ్ వాడైన థియోడర్ కోకర్‌కి వచ్చింది. గొంతు ముందు ఉండే థైరాయిడ్ గ్రంథిని చేయితిరిగిన వాడిలా తీసేవాడు, రానురాను చావులు దాదాపు లేకుండా చేశాడు. అయినా 1883లో తన పాత రోగులని తిరిగి పిలిపించి చూస్తే గుండె గుభేలుమంది. గ్రంథి మొత్తం తీసేసినవాళ్ళలో ఎక్కువమంది మందకొడిగా, ఉబ్బిపోయి, బుద్ధి మొద్దుబారి ఉన్నారు. థైరాయిడ్ ఎందుకుందో లోకానికి తెలిసింది అలాగే. ఆపరేషన్లన్నీ సక్సెసే, మనుషులే బాగాలేరు. ఆ సంగతి ఆయనే అచ్చు వేయించాడు.

బోస్టన్‌లో ఎర్నెస్ట్ కాడ్‌మన్ ఇంకో అడుగు ముందుకేశాడు. ప్రతి రోగికీ ఒక కార్డు రాసి, ఏడాది తరువాత ఎలా ఉన్నాడో దానిమీద ఎక్కించాలన్నాడు. పెద్ద ఆసుపత్రి ఒప్పుకోకపోతే సొంత ఆసుపత్రి పెట్టుకుని, 1911 నుంచి 1916 దాకా 337 మంది రోగుల్లో తను, తన వాళ్ళు చేసిన 123 పొరపాట్లని అచ్చేసి పంచాడు. తోటి డాక్టర్లు మొహం చాటేశారు. ఇవాళ ఆసుపత్రుల ఫలితాల లెక్కకి పునాది ఆయన పద్ధతే.

చిట్టి విశేషాలు

• కోత పెద్దగా లేకుండా, గొట్టాలతో పిత్తాశయం తీసిన మొదటివాడు జర్మన్ సర్జన్ ఎరిక్ మ్యూహె, 1985లో. మన దేశంలో అదే పని 1990లో ముంబయిలో డాక్టర్ టెహెమ్టన్ ఉద్వాడియా చేశారు.

• భారత సర్జన్ల సంఘం 1938లో పుట్టింది. తెలుగునాట దానికంటే పాతది విశాఖలోని ఆంధ్ర వైద్య కళాశాల, 1923. కోనసీమ వాళ్ళకి చిరకాలం పెద్ద దిక్కైన కాకినాడ రంగరాయ వైద్య కళాశాల 1958 నాటిది.

• రొమ్ము కేన్సర్ మీద హైదరాబాద్ నుంచి ప్రచారం నడిపిన సర్జన్ డాక్టర్ పి. రఘురామ్‌కి 2015లో పద్మశ్రీ, 2021లో బ్రిటిష్ ప్రభుత్వ ఓ.బి.ఇ. గౌరవం దక్కాయి.

అమలాపురంలో రాస్తున్న లెక్క

సర్జరీలో ఎం.ఎస్. చదివే ప్రతి డాక్టరూ మూడేళ్ళలో ఒక పరిశోధన చేసి థీసిస్ సమర్పించాలి. లేకపోతే పట్టా లేదు. అమలాపురంలో ఉన్న కిమ్స్ లాంటి బోధనాసుపత్రుల్లో వీటికి అంశాలు వార్డులోంచే వస్తాయి. షుగరు పుండు పట్టిన పాదం, హెర్నియా, పగిలిన పేగు, కొబ్బరిచెట్టు మీంచి పడ్డవాడి పొట్ట. మన జబ్బుల మీద మనవాళ్ళ శరీరాల్లో, మన తిండీ మన నీళ్ళ మధ్య చేసిన లెక్క బోస్టన్‌లోనూ దొరకదు, బెర్లిన్‌లోనూ దొరకదు.

ఆ లెక్కకి ఎక్కడ చిల్లు పడుతుందంటే, కుట్లు విప్పించుకున్న మర్నాటినుంచి రోగి మళ్ళీ కనబడడు. నొప్పి తగ్గితే రావడమెందుకని కొందరు. ఛార్జీలు దండగని కొందరు. కువైట్‌కో ఖతర్‌కో విమానం ఎక్కేసినవాళ్ళు ఇంకొందరు. చీము పట్టినవాళ్ళు కోపంతో వేరే డాక్టరు దగ్గరికి పోతారు. దాంతో పుస్తకంలో బాగైనవాళ్ళే మిగులుతారు, పాడైనవాళ్ళు లెక్కలోకి రారు.

కాబట్టి డిశ్చార్జి కాగితాన్ని రేషన్ కార్డుతోపాటు అదే కవర్లో దాచుకోండి. ఆర్నెల్ల తరువాత ఎవరో కుర్ర డాక్టరు ఫోన్ చేసి "కుట్లు ఎలా ఉన్నాయండీ, ఏమైనా ఇబ్బందా?" అని అడిగితే కాల్ కట్ చెయ్యకండి. బాగుంటే బాగుందని చెప్పండి. బాగాలేకపోతే మొహమాటపడకుండా అదీ చెప్పండి. రేపు అదే బల్ల ఎక్కబోయే మనిషికి పనికొచ్చేది ఆ రెండో జవాబే.